క్లోరిన్ పూల్‌లో శిక్షణ, ఆస్తమా: దగ్గు మొదలైన రోజు నుంచి పోటీ రోజు దాకా ఏం చేయాలి

“ప్రాక్టీస్ అయ్యాక గంటసేపు దగ్గు ఆగడం లేదు. పూల్ పడట్లేదని మానేయాలా?” పోటీ ఈతగాళ్లూ, వాళ్ల తల్లిదండ్రులూ మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. చాలామందికి మానేయాల్సిన అవసరం రాదు. అలాగని “ఈతగాళ్లకు ఇది మామూలే” అని ఊరుకోవడం కూడా సరికాదు. రోజూ వచ్చే దగ్గు మామూలు కాదు.

ఎక్కువమంది చేసే పొరపాటు ఇంకొకటుంది. తోటి ఈతగాడి ఇన్‌హేలర్ అడిగి తీసుకుని, రెండు పఫ్‌లు పీల్చి నీళ్లలోకి దూకేస్తారు. అది చివర్లో చేయాల్సిన పనిని మొదట చేయడం. ముందు లక్షణాలు రాసుకోవాలి, తర్వాత పరీక్ష, ఆ తర్వాతే మందు. పూల్ గాలి సంగతి వీటన్నిటితో పాటు చూసుకోవాలి. ఈ వరుసలోనే కింద రాశాను. మందు ఏది, ఎంత అనేది మాత్రం మీ డాక్టరే నిర్ణయించాలి.

## 1. పూల్ గాలిలో ఏముందో తెలుసుకోండి

తప్పంతా క్లోరిన్‌ది కాదు. చెమట, మూత్రం, ఒంటికి రాసుకున్న లోషన్లు నీళ్లలో కలుస్తాయి. వాటిలోని యూరియా లాంటి పదార్థాలతో క్లోరిన్ కలిసి క్లోరమైన్లుగా మారుతుంది. అందులో ట్రైక్లోరమైన్ అనేది నీళ్లలో నిలవదు. పైకి లేచి, నీటి మట్టానికి దగ్గరగా గాలిలో ఉండిపోతుంది. మనం “పూల్ వాసన” అనేది చాలావరకు దీన్నే. వాసన ఘాటుగా ఉంటే నీళ్లు శుభ్రంగా ఉన్నాయని చాలామంది నమ్ముతారు. నిజానికి క్లోరిన్ మురికితో కలిసి ఖర్చైపోతోందని దానర్థం.

ఫ్రీస్టైల్‌లో ఊపిరి కోసం తల తిప్పే క్షణాన్ని దగ్గరగా చూడండి. సగం నోరు నీళ్లలోనే ఉంటుంది, మిగతా సగం నీటికి రెండు మూడు వేళ్ల ఎత్తులో. అర సెకను వ్యవధిలో గాలినంతా నోటితోనే లాగేస్తారు కాబట్టి ముక్కు చేసే వడపోత ఉండదు. గట్టి సెట్‌లో (ప్రాక్టీస్‌లో వరుసగా ఈదే ఒక విడతలో) పెద్దవాళ్లు నిమిషానికి 100 లీటర్లకు పైగా గాలి పీల్చే సందర్భాలుంటాయి. గట్టు మీద నిలబడ్డ కోచ్ పీల్చే గాలి, లేన్‌లో ఉన్నవాళ్లు పీల్చే గాలి ఒకటి కాదు. అందుకే కోచ్‌కు “గాలి బాగానే ఉందే” అనిపించినా పిల్లలు దగ్గుతుంటారు.

పూల్‌కు మంచి వైపు కూడా ఉంది. వెచ్చని, తేమ గాలి శ్వాసనాళాలను ఎండగట్టదు. చలిలో పరుగెత్తితే ఆయాసపడే ఆస్తమా ఉన్నవాళ్లు చాలామంది ఈతను తేలిగ్గా తట్టుకునేది అందుకే. ఏళ్ల తరబడి, రోజుకు గంటల కొద్దీ, అదే గాలిలో గట్టిగా ఊపిరి తీసే పోటీ ఈతగాళ్లకే ఇబ్బంది ఎక్కువ.

## 2. రెండు వారాలు రాసుకోండి

డాక్టర్ దగ్గరికి వెళ్లి “దగ్గు వస్తోందండీ” అంటే సరిపోదు. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. సెలవు రోజుల్లో కూడా రాయాలి, తేడా అక్కడే బయటపడుతుంది.

ప్రతి రోజూ రాయాల్సినవి:

- ఏ పూల్, లోపలిదా, ఆరుబయటదా; వాసన, కళ్ల మంట ఎలా ఉన్నాయి
- సెట్ ఏంటి, లక్షణం సెట్ మధ్యలో మొదలైందా, ఆపాక మొదలైందా
- దగ్గు, పిల్లికూతలు, ఛాతీ పట్టేసినట్టుండటం, కఫం: ఏవి ఉన్నాయి, ఎన్ని నిమిషాలు
- రాత్రి దగ్గుతో మెలకువ వచ్చిందా
- ముక్కు దిబ్బడ, తుమ్ములు, జలుబు
- ఏదైనా మందు వాడితే దాని పేరు, సమయం, ఎన్ని పఫ్‌లు

వీలైతే పీక్ ఫ్లో మీటర్ (గాలిని ఎంత వేగంగా ఊదగలరో కొలిచే చిన్న పరికరం) కొనుక్కోండి. నిలబడి, పూర్తిగా గాలి పీల్చి, పెదాలతో గొట్టాన్ని గట్టిగా మూసి, ఒక్క ఊపుతో ఊదాలి. మూడుసార్లు ఊది అన్నిటికంటే పెద్ద అంకె రాసుకోవాలి. పొద్దున, సాయంత్రం ఒకసారి. ప్రాక్టీస్‌కు ముందు ఒకసారి, ఆపిన 5, 10, 15 నిమిషాలకు మళ్లీ. ఆపాక అంకె 15 శాతం లేదా అంతకంటే ఎక్కువ పడిపోతుంటే ఆ నోట్‌బుక్ డాక్టర్‌కు చాలా విషయాలు చెబుతుంది.

ఇక్కడ జరిగే పొరపాట్లు: బుగ్గలతో ఊదడం, నాలుక గొట్టానికి అడ్డం పెట్టడం, రోజుకో మీటర్ వాడటం. అంకెలు గందరగోళంగా వస్తున్నాయంటే చాలాసార్లు కారణం ఈ మూడింట్లో ఒకటి.

## 3. అన్ని ఆయాసాలూ ఆస్తమా కావు

ఈ విభాగాన్ని నిదానంగా చదవండి. ఇన్‌హేలర్ వాడినా తగ్గడం లేదని వచ్చేవాళ్లలో కొందరికి అసలు ఆస్తమానే ఉండదు.

వ్యాయామంతో శ్వాసనాళాలు బిగుసుకోవడం. సెట్ ఆపాక 5 నుంచి 15 నిమిషాల్లో ఎక్కువవుతుంది. ఊపిరి *వదిలేటప్పుడు* కష్టం, ఛాతీలో పిల్లికూతలు. మెల్లగా అరగంట, గంటలో సర్దుకుంటుంది. ఆస్తమా ఉన్నవాళ్లకూ వస్తుంది, లేనివాళ్లకూ రావచ్చు.

గొంతు దగ్గర దారి ఇరుకవడం. స్వరపేటిక సరిగ్గా తెరుచుకోకపోవడం వల్ల వచ్చేది. సెట్ గట్టిగా సాగుతున్నప్పుడే వస్తుంది, ఊపిరి *పీల్చేటప్పుడు* గొంతులో కీచుమనే శబ్దం. ఆపితే కొద్ది నిమిషాల్లో పోతుంది. ఇన్‌హేలర్‌తో మార్పుండదు. టీనేజీ అమ్మాయిల్లో ఎక్కువగా కనిపిస్తుంది, అబ్బాయిలకూ వస్తుంది. దీనికి స్పీచ్ థెరపిస్ట్ నేర్పే శ్వాస పద్ధతులు అవసరమవుతాయి. ఇది తెలియక ఇన్‌హేలర్ డోసు పెంచుకుంటూ పోవడం చూస్తే బాధేస్తుంది.

ముక్కు. ముక్కు వెనక నుంచి గొంతులోకి జారే చీమిడి కూడా దగ్గు తెప్పిస్తుంది. దీని గురించి 7లో ఉంది.

ఆలస్యం చేయకూడనివి. ఈదుతుండగా ఉన్నట్టుండి ఆయాసం, దగ్గుతో పాటు నురగగా లేదా ఎర్రటి జీరతో కఫం వస్తే అది ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కావచ్చు. చల్లని ఆరుబయట నీళ్లలో, బిగుతైన వెట్‌సూట్‌లో ఈదేవాళ్లలో ఇది ఎక్కువ. శ్రమ చేస్తుంటే ఛాతీ నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం గుండెకు సంబంధించినవి కావచ్చు. వీటికి నోట్‌బుక్ రాస్తూ కూర్చోవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

## 4. పరీక్ష ఎలా చేయించుకోవాలి

పల్మనాలజిస్ట్ (ఊపిరితిత్తుల డాక్టర్) దగ్గర మొదట స్పైరోమెట్రీ చేస్తారు. గట్టిగా ఊదితే మొదటి సెకనులో ఎంత గాలి బయటికి వచ్చిందో కొలుస్తారు. దాన్నే ఎఫ్ఈవీ1 అంటారు. తర్వాత మందు పీల్పించి మళ్లీ ఊదిస్తారు. పెద్దవాళ్లలో ఎఫ్ఈవీ1 12 శాతం, కనీసం 200 మిల్లీలీటర్లు పెరిగితే ఆస్తమా వైపు బలమైన సూచన.

ఈతగాళ్లకు ఇక్కడే ఒక చిక్కు. వీళ్ల ఊపిరితిత్తులు ఆ వయసు వాళ్ల సగటు కంటే పెద్దగా ఉంటాయి. మామూలుగా ఆ సగటులో 120 శాతం ఊదే పిల్లవాడు 100 శాతానికి పడిపోయినా రిపోర్టులో “నార్మల్” అనే వస్తుంది. కాబట్టి సీజన్ మొదట్లో, బాగున్న రోజున ఒకసారి స్పైరోమెట్రీ చేయించి ఆ కాగితం దాచుకోండి. తర్వాత ఎప్పుడైనా ఎవరి అంకెను వాళ్ల పాత అంకెతోనే పోల్చుకోవచ్చు.

విశ్రాంతిగా ఉన్నప్పుడు నార్మల్ వచ్చిందంటే ఏమీ లేదని కాదు. లక్షణాలుంటే రెచ్చగొట్టి చూసే పరీక్ష అడగండి. అందులో ఈవీహెచ్ అనేది క్రీడాకారులకు బాగా పనికొస్తుంది: 5 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపిన పొడి గాలిని 6 నిమిషాలు వేగంగా పీల్పించి, తర్వాత ఎఫ్ఈవీ1 ఎంత పడిందో చూస్తారు. 10 శాతం లేదా అంతకంటే ఎక్కువ పడితే పాజిటివ్. పూల్‌లోనే ఈదించి చూస్తే తేమ గాలి వల్ల కొందరిలో బయటపడదు. ఈవీహెచ్ దొరకని చోట మెథాకోలిన్, మానిటాల్ పరీక్షలు, ట్రెడ్‌మిల్ పరీక్ష ఉంటాయి.

పరీక్షకు ముందు:

- ఏ మందు ఎన్ని గంటల ముందు ఆపాలో డాక్టర్‌నే అడగండి, సొంతంగా ఆపొద్దు
- ఆ రోజు ప్రాక్టీస్ వద్దు, కాఫీ, టీ వద్దు
- జలుబు చేసి ఉంటే వాయిదా వేయించుకోండి
- శిక్షణ ఆపేసి వారాలు గడిచాక చేయించుకోవద్దు. విశ్రాంతితో శ్వాసనాళాల చిరాకు తగ్గి పరీక్షలో కనిపించకపోవచ్చు

“ముందు నెల రోజులు మందు వాడి చూద్దాం, తగ్గితే ఆస్తమానే” అనే పద్ధతి ఈతగాళ్లకు నేను సమర్థించను. తర్వాత యాంటీ డోపింగ్ (క్రీడల్లో నిషేధిత మందుల తనిఖీ) కాగితాలకు పరీక్ష ఫలితం కావాల్సి వస్తుంది. అప్పటికి మందు మొదలై ఉంటే పరీక్షలో స్పష్టత రాదు.

## 5. నీళ్లు, గాలి: అడగాల్సిన అంకెలు

పూల్ నిర్వాహకులను అడగడానికి మొహమాటపడొద్దు. వాళ్లు రోజూ కొలిచి రాయాల్సిన అంకెలే ఇవి.

- పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె): 7.2 నుంచి 7.8 మధ్య
- ఫ్రీ క్లోరిన్ (ఇంకా మురికితో కలవని క్లోరిన్): లీటరుకు సుమారు 1 నుంచి 3 మిల్లీగ్రాములు
- కంబైన్డ్ క్లోరిన్ (మొత్తం క్లోరిన్ నుంచి ఫ్రీ క్లోరిన్ తీసేస్తే మిగిలేది): 0.4 లోపు, 0.2 లోపైతే ఇంకా మేలు

మూడో అంకె మీదే కన్నేయండి, క్లోరమైన్లు దొరికేది అందులోనే. ఫ్రీ క్లోరిన్ సరిగ్గా ఉందని చూపించి ఊరుకునే చోట మూడో అంకె ఎక్కువగా ఉండొచ్చు. గాలిలో ట్రైక్లోరమైన్ ఘనపు మీటరుకు 0.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తాత్కాలిక పరిమితి పెట్టింది. దాన్ని కొలిచే పూల్స్ తక్కువే కాబట్టి కళ్ల మంట, గొంతు గరగర, ఒకే లేన్‌లో పలువురు దగ్గడం లాంటివే మీకు దొరికే సూచనలు.

ఖర్చు లేని మార్పు ఒకటుంది: దిగేముందు ఒక నిమిషం షవర్. ఒంటి మీద చెమట, లోషన్ చాలావరకు పోతాయి. దానితో పాటు పూల్‌లో మూత్రం పోయకపోవడం. ఎలైట్ స్క్వాడ్‌లలో కూడా ఇది జరుగుతుంది. ఆ మూత్రమే ట్రైక్లోరమైన్‌కు ముడిసరుకని పిల్లలకు అర్థమయ్యేలా చెబితే మానేస్తారు. సెట్ మధ్యలో టాయిలెట్‌కు వెళ్తానంటే కోచ్ విసుక్కోకూడదు.

కోచ్ చేయగలిగినవి:

- గాలి ఆడే ఫ్యాన్లు, తలుపులు ప్రాక్టీస్‌కు ముందే నడిపించమనడం
- ఇబ్బంది ఉన్నవాళ్లకు గాలి కదిలే వైపు లేన్ ఇవ్వడం
- సెట్ల మధ్య విశ్రాంతిలో గడ్డం నీటికి ఆనించి ఉండకుండా, లేచి గట్టు మీద కూర్చోనివ్వడం
- బటర్‌ఫ్లై, స్ప్రింట్లలో నీళ్లు ఎగిసి క్లోరమైన్లు ఎక్కువగా గాలిలోకి వస్తాయి కాబట్టి, గాలి బాగాలేని రోజు ఆ సెట్లు తగ్గించడం
- వారంలో కొన్ని సెషన్లు ఆరుబయట పూల్‌కు మార్చడం

## 6. మందులు: ఏది దేనికి, ఎలా పీల్చాలి

ఆస్తమా అని తేలితే రెండు రకాల పనులుంటాయి. ఒకటి లోపలి వాపు తగ్గించడం. పీల్చే స్టిరాయిడ్ ఆ పని చేస్తుంది, రోజూ వాడితేనే. రెండోది బిగుసుకున్న నాళాలను అప్పటికప్పుడు తెరవడం. సాల్బుటమాల్ లాంటివి ఆ పని చేస్తాయి.

“స్టిరాయిడ్” అనే మాట వినగానే తల్లిదండ్రులకు టెన్షన్ వస్తుంది. కండలు పెంచే స్టిరాయిడ్లకూ దీనికీ సంబంధం లేదు. డోసు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, నేరుగా శ్వాసనాళాల్లోకి వెళ్తుంది.

ఒక్క సాల్బుటమాల్‌తోనే నెట్టుకురావడం అసలు ప్రమాదం. 2019 నుంచి అంతర్జాతీయ ఆస్తమా మార్గదర్శకాలు కూడా సాల్బుటమాల్‌ను ఒంటరిగా వాడటం సిఫారసు చేయడం లేదు. స్టిరాయిడ్, ఫార్మోటెరాల్ (నాళాలను తెరిచే మరో మందు) కలిసిన ఇన్‌హేలర్‌నే అవసరమైనప్పుడూ, వ్యాయామానికి ముందూ వాడే పద్ధతి వచ్చింది. రోజూ ప్రాక్టీస్‌కు ముందు సాల్బుటమాల్ పీలిస్తే కొన్నాళ్లకు దాని కాపలా తగ్గిపోతుంది. ఏడాదిలో 200 డోసుల డబ్బాలు మూడు అయిపోతున్నాయంటే ఆస్తమా అదుపులో లేదు. డాక్టర్‌ను కలవండి.

స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు బిగించే బోలు గొట్టంతో) పీల్చే వరుస:

1. మూత తీసి డబ్బాను బాగా ఊపండి.
2. స్పేసర్‌కు బిగించి, ఊపిరి పూర్తిగా వదలండి.
3. పెదాలు మూసి, *ఒక్క* పఫ్ నొక్కండి.
4. మెల్లగా, లోతుగా పీల్చి 10 సెకన్లు బిగపట్టండి.
5. రెండో పఫ్‌కు అరనిమిషం ఆగి, మళ్లీ ఊపండి.
6. స్టిరాయిడ్ ఉన్నదైతే నోరు పుక్కిలించి ఉమ్మేయండి.

పొడి మందు ఇన్‌హేలర్ అయితే 4వ మెట్టు తలకిందులు: వేగంగా, గట్టిగా లాగాలి. అందులోకి ఊపిరి వదలకూడదు, తేమకు పొడి ముద్ద కడుతుంది. ఈతగాళ్లకు ఈ తేమ గొడవ బాగా ఉంటుంది. తడి టవల్, గాగుల్స్ ఉన్న బ్యాగ్‌లో క్యాప్సూళ్లు వదులుగా పడేస్తే నాలుగు రోజుల్లో మెత్తబడి, గుచ్చినా పొడి సరిగ్గా రాలదు. క్యాప్సూల్‌ను స్ట్రిప్ నుంచి వాడే ముందే తీయండి. ఇన్‌హేలర్‌ను జిప్ ఉన్న పొడి సంచిలో, విడి జేబులో పెట్టండి.

స్పేసర్‌ను సబ్బు నీళ్లలో కడిగి, తుడవకుండా ఆరనివ్వండి. గుడ్డతో తుడిస్తే లోపల మందు అంటుకుపోతుంది.

## 7. ముక్కు సంగతి

ప్రాక్టీస్ అయ్యాక ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం చాలామందికి ఉపశమనం ఇస్తుంది. మరిగించి చల్లార్చిన నీళ్లు లేదా డిస్టిల్డ్ వాటర్ మాత్రమే వాడాలి. కుళాయి నీళ్లు నేరుగా ముక్కులోకి వద్దు, అరుదైనా ప్రాణాంతకమైన అమీబా ఇన్‌ఫెక్షన్ ముప్పు ఉంటుంది. నోస్ క్లిప్ కొందరికి బాగా పనిచేస్తుంది. అలర్జీ ఉంటే డాక్టర్ రాసే ముక్కు స్ప్రే క్రమం తప్పకుండా వాడాలి.

## 8. వార్మప్

10 నుంచి 15 నిమిషాల వార్మప్‌లో, తేలిక ఈత మధ్య 20-30 సెకన్ల వేగవంతమైన ముక్కలు 6 నుంచి 8 వేయండి. కొందరిలో ఆ తర్వాత గంట, రెండు గంటల పాటు శ్వాసనాళాలు అంత తేలిగ్గా బిగుసుకోవు. రేసుకు ముందు ఈ వ్యవధిని వాడుకోవచ్చు. అందరికీ పనిచేయదు కాబట్టి ప్రాక్టీస్‌లో పరీక్షించి చూసుకోండి, పోటీ రోజు మొదటిసారి వద్దు.

ఊపిరి బిగపట్టే సెట్లు ఆస్తమా అదుపులో లేని వారాల్లో వద్దు. డ్రైలాండ్ (నీళ్ల బయట చేసే) వ్యాయామాలు పూల్ హాల్ బయట పెట్టుకుంటే ఆ అరగంటైనా మంచి గాలి దొరుకుతుంది.

## 9. యాంటీ డోపింగ్: కాగితాలు ముందే

1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో అమెరికా ఈతగాడు రిక్ డిమాంట్ 400 మీటర్ల ఫ్రీస్టైల్ గెలిచి, ఆస్తమా మందులోని ఎఫెడ్రిన్ వల్ల స్వర్ణం కోల్పోయాడు. ఆ మందు వాడుతున్నట్టు ముందే రాసిచ్చాడు కూడా. అమెరికా జట్టు అధికారులు ఆ సమాచారాన్ని సరిగ్గా చూడలేదు. కాబట్టి డాక్టర్ రాశారని, మేనేజర్‌కు చెప్పామని ఊరుకోవద్దు.

వాడా (ప్రపంచ యాంటీ డోపింగ్ సంస్థ) నియమాల ప్రకారం:

- పీల్చే సాల్బుటమాల్: 24 గంటల్లో 1600 మైక్రోగ్రాములు, ఏ 8 గంటల్లోనైనా 600 దాటకూడదు. పఫ్‌కు 100 అయితే 8 గంటల్లో 6 పఫ్‌లు
- సాల్బుటమాల్ మాత్రలు, సిరప్: నిషేధం
- టెర్బుటలిన్ (ఇదీ నాళాలను తెరిచే మందే): నిషేధం. కొన్ని దగ్గు సిరప్‌లలో ఉంటుంది, సీసా మీద చదవండి
- పీల్చే స్టిరాయిడ్, మాంటెలుకాస్ట్ (ఆస్తమాకు వాడే మాత్ర): అనుమతి ఉంది
- ప్రెడ్నిసొలోన్ మాత్రలు, స్టిరాయిడ్ ఇంజెక్షన్లు: పోటీ సమయంలో నిషేధం

ఫార్మోటెరాల్, సాల్మెటెరాల్‌కు కూడా పరిమితులున్నాయి. జాబితా ఏటా జనవరి 1న మారుతుంది కాబట్టి కొత్తది చూసుకోండి. నిషేధంలో ఉన్న మందు తప్పనిసరైతే చికిత్స మినహాయింపుకు ముందే దరఖాస్తు చేయాలి.

నెబులైజర్‌లో (మందును పొగమంచులా మార్చి పీల్పించే యంత్రంలో) ఒక్క డోసు సాల్బుటమాల్ 2.5 మిల్లీగ్రాములు, అంటే 2500 మైక్రోగ్రాములు. ఒక్కసారికే పరిమితి దాటిపోతుంది. అయినా ప్రాణం మీదికి వచ్చినప్పుడు పఫ్‌లు లెక్కపెట్టొద్దు. తర్వాత దరఖాస్తు చేసుకునే వీలుంది. ఆసుపత్రి కాగితాలన్నీ దాచండి.

## 10. జలుబు చేశాక

జలుబు మెడ పైభాగానికే పరిమితమైతే తేలిక సెషన్ పరవాలేదు. జ్వరం, ఛాతీలో దగ్గు, పిల్లికూతలు ఉంటే నీళ్లలోకి దిగొద్దు. పీక్ ఫ్లో మీ పాత అంకెకు దగ్గరగా వచ్చాకే గట్టి సెట్లు మొదలుపెట్టండి. రోజువారీ స్టిరాయిడ్ ఇన్‌హేలర్‌ను ఈ రోజుల్లో ఆపేయడం చాలామంది చేసే తప్పు.

## 11. గట్టు మీద ఆస్తమా తిరగబెడితే

ప్రతి ఆస్తమా ఈతగాడి యాక్షన్ ప్లాన్ (ఆస్తమా తిరగబెడితే ఏం చేయాలో డాక్టర్ రాసిచ్చిన) కాగితం ప్లాస్టిక్ కవర్‌లో కోచ్ దగ్గర, ఇన్‌హేలర్, స్పేసర్ లేన్ చివర ఉండాలి. లాకర్‌లో కాదు.

1. నీళ్లలోంచి బయటికి తీసి, పూల్ హాల్ బయట గాలి ఆడే చోట నిటారుగా కూర్చోబెట్టండి. పడుకోబెట్టొద్దు. ఒంటరిగా డ్రెస్సింగ్ రూమ్‌కు పంపొద్దు.
2. సాల్బుటమాల్ 4 పఫ్‌లు, స్పేసర్‌తో, ఒక్కొక్కటిగా. ఒక్కో పఫ్‌కు 4 ఊపిర్లు. ప్లాన్‌లో వేరే మందు రాసి ఉంటే అదే ఇవ్వండి.
3. 4 నిమిషాలు ఆగండి. తగ్గకపోతే మళ్లీ 4 పఫ్‌లు.
4. అప్పటికీ తగ్గకపోతే అంబులెన్స్ పిలిచి, అది వచ్చేదాకా ప్రతి 4 నిమిషాలకు 4 పఫ్‌లు ఇస్తూ ఉండండి.
5. మాట పూర్తి చేయలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా, మగతగా ఉన్నా 4 నిమిషాలు ఆగకుండా మొదటే అంబులెన్స్ పిలవండి.

ఒకేసారి పలువురికి కళ్ల మంట, దగ్గు మొదలైతే అది క్లోరిన్ గ్యాస్ లీక్ కావచ్చు. కారణం వెతకడానికి ఆగకుండా హాల్ మొత్తం ఖాళీ చేయించండి. బయటికి వచ్చినవాళ్లను కొన్ని గంటలు గమనిస్తూ ఉండాలి, ఊపిరితిత్తుల ఇబ్బంది ఆలస్యంగా బయటపడవచ్చు.

ఆస్తమా తగ్గిపోయినా ఆ రోజు మళ్లీ నీళ్లలోకి దిగనివ్వొద్దు. అదే రోజు డాక్టర్‌కు తెలియజేసి, ఎన్ని పఫ్‌లు, ఏ సమయంలో ఇచ్చారో నోట్‌బుక్‌లో రాయండి.